ఏ టీ దగ్గర నిలబడితే ఆ న్యాయం

డాలస్‌కి ఉత్తరాన ఒక పబ్లిక్ గోల్ఫ్ కోర్సుంది. ప్రతి శనివారం తెల్లారీ తెల్లారకముందే పన్నెండుమంది తెలుగువాళ్లం అక్కడ చేరతాం. ఓడినవాళ్లు ఆట తర్వాత అందరికీ పెసరట్టు ఉప్మా తినిపించాలి, అదీ పందెం. ఈ పన్నెండుమందికీ హ్యాండీక్యాప్ కమిటీ అంటే నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అని నేనే భుజాన వేసుకున్నాను. వేరువేరు టీల దగ్గర్నుంచి ఆడేవాళ్ల మధ్య స్ట్రోకుల పంపకం ఎలా చెయ్యాలో నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. కొత్తగా గోల్ఫులోకి దిగుతున్నవాళ్లు బాగుపడతారని ఆ రహస్యాలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

టీ అంటే ఇక్కడ తాగేది కాదు. ప్రతి హోలూ మొదలయ్యే చోట ఒకదాని ముందొకటి రంగు గుర్తులు పెట్టి ఉంటాయి. మా కోర్సులో అన్నిటికంటే వెనక నీలం. అక్కణ్ణుంచి పద్దెనిమిది హోల్సూ కలిపితే 6,750 గజాలు. దాని ముందు తెలుపు, 6,150. ఇంకా ముందుకి వస్తే బంగారు రంగు, ఆ తర్వాత ఎరుపు, 5,250. ఎవరి శక్తికి తగ్గ చోట వాళ్లు నిలబడి కొట్టుకోవచ్చని ఈ ఏర్పాటు.

మీరు మాత్రం నీలం దగ్గరే నిలబడండి. పెళ్లిలో ముందు వరస కుర్చీ ఎలాంటిదో గోల్ఫులో వెనకటి టీ అలాంటిది. నా డ్రైవర్ దెబ్బ 190 గజాలు వెళ్తుంది, అదీ టెక్సాస్ గాలి వెనకనుంచి తోస్తే. నీలం దగ్గర్నుంచి ఆడితే రెండో దెబ్బకి అందాల్సిన గ్రీన్ నాకు మూడో దెబ్బకీ అందదు. అయితే ఏం? మనం టీ మీద నిలబడ్డప్పుడు పక్క జట్టువాళ్లు చూస్తారు. మూడో దెబ్బ చెట్ల మధ్య ఎలా కొట్టామో ఎవరు చూడొచ్చారు? మాకు పక్కనే ఉన్న ప్లేనోలో నడిచిన గోల్ఫ్ క్లబ్బుల కంపెనీకి మూలపురుషుడైన బార్నీ ఆడమ్స్ అనే పెద్దమనిషి, మామూలు ఆటగాళ్లు తమ తాహతుకి మించిన దూరం నుంచి ఆడుతున్నారని వాదించాడు. ఆయన ఆలోచనతోనే 2011లో యూఎస్‌జీఏ, పీజీఏ ఆఫ్ అమెరికా అనే గోల్ఫ్ సంఘాలు కలిసి ‘టీ ఇట్ ఫార్వర్డ్’ అనే ప్రచారం మొదలుపెట్టాయి. మీరు కొట్టే దూరాన్ని బట్టి ముందుకి జరగండి బాబూ అని దాని సారాంశం. అది పక్కవాళ్లకి చెప్పిన మాట అనుకోండి. నేను అలాగే అనుకున్నాను.

ఇక హ్యాండీక్యాప్. చిన్నప్పుడు వీధిలో కుందుడుగుమ్మ ఆడేటప్పుడు నాలుగేళ్ల తమ్ముణ్ణి కూడా ఆడించమని అమ్మ మెడలు వంచేది గుర్తుందా? వాణ్ణి ఆటలో అరటిపండు అనేవాళ్లం. వాడు అవుటైనా అవుట్ కాడు. హ్యాండీక్యాప్ అంటే ఆ అరటిపండుకి లెక్కకట్టడమే. మీరు ఈమధ్య ఆడిన ఇరవై ఆటల్లో మంచివి ఎనిమిది తీసి, వాటినిబట్టి ఒక దశాంశ స్థానం దాకా ఇండెక్స్ అని ఒక అంకె ఇస్తారు. నాది 14.2. మా బావగారిదీ 14.2. ఈ అంకె ఏ ఊరు వెళ్లినా మీతోనే ఉంటుంది. ఏ కోర్సులో, ఏ టీ దగ్గర నిలబడితే దానికి తగ్గట్టు స్ట్రోకులుగా, అంటే మీకు మినహాయించే దెబ్బలుగా మారుతుంది. ఈ మారడంలోనే మన బతుకుతెరువంతా ఉంది.

మార్చడానికి ఒక సూత్రం ఉంది. ఇండెక్స్‌ని ఆ టీ స్లోప్‌తో హెచ్చవేసి 113తో భాగించి, దానికి కోర్సు రేటింగులోంచి పార్ తీసేయగా మిగిలింది కలపాలి. రేటింగు అంటే ఆ టీ దగ్గర్నుంచి బాగా ఆడేవాడికి ఎన్ని దెబ్బలు పడతాయన్న అంచనా; పార్ అంటే కోర్సువాళ్లు పెట్టిన దెబ్బల లెక్క; స్లోప్ సంగతి తర్వాత. అంతే. ఫోనులో జిన్ అనే యాప్ ఉంటుంది, టీ రంగు నొక్కితే లెక్క అదే కట్టేస్తుంది. కాబట్టి మొదటి జాగ్రత్త: మొదటి టీ దగ్గర ఎవరినీ యాప్ తెరవనివ్వకండి. ‘‘శనివారం పొద్దున్నే ఫోన్లేంటండీ, పచ్చగడ్డి చూడండి’’ అనండి.

స్లోప్ సంగతి వేరుగా చెప్పాలి. స్లోప్ అంటే ఏటవాలు అని ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. మా కోర్సు గోదావరి డెల్టాలో వరిమడిలా బల్లపరుపుగా ఉంటుంది. అలాంటిదానికి నీలం టీకి 133, తెలుపుకి 124 అని కార్డు మీద వేశారు. ఇది అన్యాయమని నేను ప్రో షాపులో కుర్రాడితో పోట్లాడాను కూడా. వాడు ఓపిగ్గా చెప్పాడు: స్లోప్‌కీ గుట్టలకీ సంబంధం లేదట. నిలకడగా ఆడేవాడికంటే మనలాంటి వాడికి ఆ టీ ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకెట. 55 నుంచి 155 దాకా ఉంటుందట, 113 ప్రామాణికమట. అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ కనూత్ అనే ఆయన బుర్రలోంచి పుట్టి, 1987కల్లా దేశమంతా అమల్లోకి వచ్చిందట; అందుకాయన్ని ‘పోప్ ఆఫ్ స్లోప్’, అంటే స్లోపు పోపు, అంటారట. ఇదంతా వినండి, తలాడించండి. కొత్తవాడు ఎవరైనా పందానికి వస్తే మటుకు ‘‘నేల చదునుగా ఉంది కదండీ, స్లోప్ లెక్కలోకి రాదు’’ అనే చెప్పండి. నీళ్లసీసా నేలమీద పడుకోబెట్టి, దొర్లలేదని చూపిస్తే నమ్ముతారు.

ఇప్పుడు అసలు విద్య. మొన్న మార్చిలో ఒక శనివారం, పొద్దున్న ఆరూనలభై. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు, నా బూట్లు రెండూ తడిసి ముద్ద. బావగారు కార్టులో కూర్చుని థర్మాస్ మూతలో కాఫీ పోసుకుంటున్నారు. మా ఇద్దరికీ మ్యాచ్ ప్లే, అంటే హోలుకి హోలు గెలుచుకునే ఆట. నేను నీలం, ఆయన తెలుపు.

‘‘బావగారూ, నాకు మీరు ఏడు ఇవ్వాలి’’ అన్నాను.

‘‘ఏడేంటోయ్, పొలం రాసిమ్మంటున్నావా?’’ అన్నారాయన కాఫీ ఊదుకుంటూ.

‘‘చూడండి. నీలం టీకి నా స్ట్రోకులు 17. తెలుపుకి మీవి 13. నాలుగయ్యాయా? ఇక కోర్సు రేటింగు నాది 72.4, మీది 69.8. తేడా 2.6, అంటే మూడు. కష్టమైన టీ నుంచి ఆడేవాడికి రేటింగు తేడా కలపాలని యూఎస్‌జీఏ వాళ్ల రూలే ఉంది. నాలుగూ మూడూ ఏడు.’’

ఇందులో ఒక్కటీ అబద్ధం లేదని గమనించండి. రూలు నిజంగానే ఉండేది. 2020కి ముందు ఇక్కడి సూత్రంలో రేటింగు కలిసేది కాదు. ఇండెక్స్‌నీ స్లోప్‌నీ హెచ్చవేసి 113తో భాగిస్తే సరిపోయేది. ఆ లెక్కన నాకు 17, ఆయనకి 16 వచ్చేవి. అప్పుడు రేటింగు తేడా మూడు నాకు విడిగా కలిపేవాళ్లు: 20కి 16, నాలుగు. 2020 జనవరిలో ప్రపంచంలో ఉన్న ఆరు రకాల పద్ధతుల్నీ కలిపి ఒక్కటి చేశారు. అప్పట్నుంచీ మా దగ్గర రేటింగు సూత్రం లోపలికే వచ్చేసింది: నాకు 17, ఆయనకి 13, నాలుగు. పాత దారిలో వెళ్లినా నాలుగే, కొత్త దారిలో వెళ్లినా నాలుగే. రెండు దార్లలోనూ ఒకేసారి నడిస్తేనే ఏడు. ఈ రహస్యం కనిపెట్టడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది.

బావగారు ఆరుకి బేరమాడి, చివరికి ఏడుకి ఒప్పుకున్నారు. పదిహేనో హోలు దగ్గరే మ్యాచ్ ముగిసింది. పెసరట్టు ఆరోజు చాలా కరకరలాడిందని గుర్తు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది. సిద్ధాంతానికి కట్టుబడిపోకూడదు. ఆ మరుసటి నెల నాకు మోకాలు పట్టేసి తెలుపు దగ్గరకి రావలసివచ్చింది. బావగారు, పంతం కొద్దీ కాబోలు, నీలం దగ్గరకి వెళ్లారు. ఇప్పుడు నేనాయనకి నాలుగు ఇవ్వాలి. అప్పుడు నేనేమన్నాను? ‘‘బావగారూ, మీ ఇండెక్సూ 14.2, నాదీ 14.2. ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె. సమానమైనవాళ్లకి స్ట్రోకులేంటి, బావా బావమరుదుల మధ్య?’’ అన్నాను. ఇండెక్స్ అనేది బియ్యం. ఏ టీ దగ్గర నిలబడితే ఆ కుండలో ఉడుకుతుంది, ఉడికాకే వడ్డించాలి. ఈ సంగతి అవతలివాడికి తట్టకముందే మీరు బంతి పెట్టి కొట్టేయాలి.

అప్పటికీ ఆయన వినకపోతే అని ఇంకో అస్త్రం దగ్గర పెట్టుకున్నాను. మా తోడల్లుడు ఇంగ్లండులో రెడింగ్ దగ్గర ఉంటాడు. అక్కడ 2024 ఏప్రిల్ దాకా కోర్సు హ్యాండీక్యాప్‌లో రేటింగులోంచి పార్ తీసే ముక్క ఉండేది కాదు. పాత అమెరికా లెక్కలాగే స్లోప్‌తో సరి. వాళ్ల క్లబ్బు గోడ మీద ఉండే పాత పట్టిక ఫొటో నా ఫోన్లో భద్రంగా ఉంది. దాని ప్రకారం 124 స్లోప్‌కి 14.2 ఇండెక్స్ వాడికి 16 స్ట్రోకులు. నాకు ఇంగ్లండు లెక్కన 16, బావగారికి అమెరికా లెక్కన 17. తేడా ఒక్కటి. ‘‘ఒకటి తీసుకోండి, పెద్దవారు’’ అని ఇచ్చాను. ఆయన కళ్లలో కృతజ్ఞత కనిపించింది. లేక మోకాలి నొప్పి వల్ల నాకే అలా అనిపించిందో.

బావగారి వరకు బాగానే ఉంది. చిక్కంతా అక్కతో.

మా అక్క గుంటూరులో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరకి వచ్చి ఉండిపోయింది. బావగారు కార్టు నడుపుతుంటే ఊరికే పక్కన కూర్చోవడం విసుగేసి గోల్ఫ్ మొదలుపెట్టింది. ఇండెక్స్ 24.6. దూరం కొట్టదు, పక్కకీ కొట్టదు. ఎర్ర టీ దగ్గర్నుంచి ఆడుతుంది. ఎరుపు టీకి ఆడవాళ్ల కోర్సు రేటింగు 71.2, స్లోప్ 125, పార్ 73. మగవాళ్లకి పార్ 72. ఈ ఒక్కటీ ఎక్కడిదంటే ఏడో హోలు: మాకు తెలుపు దగ్గర్నుంచి 425 గజాలు, పార్ 4, అక్కకి 385 గజాలు, పార్ 5.

ఆడవాళ్లతో ఆడేటప్పుడు పనికొచ్చే చిట్కాలు చాలా ఉన్నాయి, ఒకటి చెబుతాను. ఒక టీకి ఒకే రేటింగు ఉంటుందని అందరూ అనుకుంటారు. కాదు, మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు. ఎప్పుడైనా వాళ్లు తెలుపు దగ్గరకి వస్తామంటే ఎగిరి గంతేసి ఒప్పుకుని, మీ వరసలోని అంకెలే వాళ్లకీ పెట్టెయ్యండి. మా అక్కకి అలా చేస్తే 25 వస్తాయి. ఆడవాళ్ల వరసలో రేటింగు 75.9, స్లోప్ 136. వాటితో కడితే 33. ఎనిమిది స్ట్రోకులు ఒక్క వరస మార్చి కూర్చోబెట్టవచ్చు. నేను ఇది చేద్దామనే అనుకున్నాను. అక్క కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది, నా వంక ఒకసారి చూసింది, ఎరుపు దగ్గరకే వెళ్లిపోయింది.

దసరాకి మేమొక మెడల్ పోటీ పెడతాం. మొత్తం దెబ్బలు లెక్కపెట్టి, అందులోంచి హ్యాండీక్యాప్ తీసేస్తే ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఇలా ఒక్కొక్కరుగా ఆడే స్ట్రోక్ ప్లేలో పూర్తి హ్యాండీక్యాప్ ఇవ్వరు, 95 శాతం ఇస్తారు. ఈ అయిదు శాతం కోత దేవుడిచ్చిన వరం, ఎందుకంటే ఇక్కడ అంకెల్ని సర్దవచ్చు. బావగారి లెక్క సరిగ్గా కడితే తెలుపుకి 13.38. దాన్ని అలాగే ఉంచి 95 శాతం తీస్తే 12.7, అంటే 13. అలా కాకుండా ముందే 13 చేసేసి, దాన్లో 95 శాతం తీస్తే 12.35, అంటే 12. చివర ఒక్కసారే సర్దాలని రూలు. రెండుసార్లు సర్దితే ఒక స్ట్రోకు మన చేతిలో మిగులుతుంది. కూరగాయల కొట్లో చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చినంత సులువుగా జరిగిపోతుంది.

అక్కకి 95 శాతం మీద 24.1 వచ్చింది. ‘‘24’’ అని రాశాను.

‘‘25’’ అంది అక్క.

‘‘అదేంటక్కా, 24.1 ఎప్పుడైనా 25 అవుతుందా? లెక్కల లెక్చరర్‌వి!’’

‘‘పార్ తేడా ఒకటి కలపరా’’ అంది. నేను వినిపించనట్టు టీ దులుపుకుంటున్నాను. అది వదలదు కదా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది: ‘‘సూత్రంలో మీ అందరికీ రేటింగులోంచి 72 తీసేశారు. నాకు 73 తీసేశారు. అంటే నా దగ్గర ఒకటి ఎక్కువ పట్టుకున్నారు. ఎవరి పార్‌తో వాళ్లని పోల్చుకుంటే దాంతో గొడవలేదు. ఇవాళ మొత్తం దెబ్బలు పక్కపక్కన పెట్టి చూస్తున్నారు కాబట్టి పట్టుకున్నది తిరిగి ఇవ్వాలి. నేను దానం అడగట్లేదు.’’

ఇలాంటి సందర్భంలో మీరు చేయవలసిన పని ముందే చేసి ఉంచుకోవాలి. అంతకు ముందు వారం మేము స్టేబుల్‌ఫర్డ్ ఆడాం. అందులో ఎవరి హోలు పార్‌ని బట్టి వాళ్లకి పాయింట్లు. ఏడో హోల్లో అక్కకి అయిదు దెబ్బలే పార్ కాబట్టి ఆ ఒకటి అక్కడే ముట్టిపోతుంది, విడిగా కలపక్కర్లేదు. ఆరోజు నేను అందరి ముందూ ‘‘అక్కా, నీకు పార్ తేడా ఒకటి ఇవ్వమంటావా?’’ అని గొప్పగా అడిగాను. ‘‘అక్కర్లేదురా, ఈ ఆటలో రాదు’’ అంది న్యాయంగా. అక్కర్లేదు అన్న మాట పన్నెండుమందీ విన్నారు. దసరా రోజు దాన్నే బయటికి తీశాను. ‘‘పోయిన వారం నువ్వే కదా వద్దన్నావు?’’

కొంచెం పలుచని ఉపాయమని ఒప్పుకుంటాను. అయినా పదకొండుమందిలో ఏడుగురు తలూపారు.

ఇంకొక మాట, తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చదువుతున్నవాళ్లలో మా జట్టువాళ్లు కూడా ఉండొచ్చు. ఆట అయ్యాక స్కోరు యాప్‌లో ఎక్కించేటప్పుడు టీ రంగు అడుగుతుంది. నీలం దగ్గర్నుంచి 92 కొట్టారనుకోండి. నీలం అని నొక్కితే ఆ ఆట విలువ 16.7. చూపుడువేలు కాస్త పక్కకి జారి తెలుపు మీద పడితే 20.2. ఇలా నాలుగైదు ఆటల్లో వేలు జారితే ఇండెక్స్ తనంతట తానే ఉబ్బుతుంది. దీన్ని గోల్ఫులో చాలా చెడ్డ పేరుతో పిలుస్తారు. వయసు మీద పడి చత్వారం వచ్చింది అంటే ఎవరూ పిలవరు.

దసరా ఆట అయిపోయింది. నేను మళ్లీ నీలం దగ్గర్నుంచే ఆడి 90 కొట్టాను, నా హ్యాండీక్యాప్ 16; మిగిలింది 74. బావగారు 86, అక్క 98. నేను రాసిన 12, 24 తీసేస్తే వాళ్లకీ 74, 74. ముగ్గురం సమానం. పండగపూట ఇంతకంటే మంగళకరమైన ఫలితం ఉంటుందా? పెసరట్ల బిల్లు మూడు వాటాలు వేద్దామన్నాను. స్కోరు కార్డు నా చేతిలోనే ఉంది. ఇది మర్చిపోవద్దు: కోర్సులో ఇచ్చే బుల్లి పెన్సిలుకి రబ్బరు ఉండదు, కాబట్టి ముందు ఎవరు రాస్తే వాళ్లదే చరిత్ర. పెన్సిలు చేతికి రాగానే చెవి మీద పెట్టుకుని ఎవరికీ ఇవ్వకండి.

దోశల హోటల్లో పెసరట్లు వచ్చేలోపు అక్క కార్డు ఇలా ఇమ్మంది. ఇచ్చాను, పెన్సిలు మాత్రం ఇవ్వలేదు. అక్క హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా వదలని ఎర్ర ఇంకు పెన్ను తీసింది. 12 కొట్టేసి 13 వేసింది. 24 కొట్టేసి 25 వేసింది. కింద 73, 73, 74. బావగారు అల్లప్పచ్చడి గిన్నె తన వైపు జరుపుకుని, సర్వరుతో బిల్లు ఎవరికివ్వాలో సైగ చేశారు.

అక్క ఇంకా రాస్తూనే ఉంది. కార్డు పై మూల, నా పేరు పక్కన, పదికి రెండు అని వేసి చుట్టూ సున్నా చుట్టింది.

‘‘ఆ రెండు దేనికక్కా?’’ అన్నాను.

‘‘స్టెప్పులకి’’ అంది.

రీవాల్యుయేషన్‌కి పెట్టాను. ఫలితం ఇంకా రాలేదు.